వెనక నాలుగు డ్రమ్ములూ ఒకేలా కాలిన లారీ: సాలూరు ఘాట్ ఎగ్జాస్ట్ బ్రేక్ కేసు

బండి పాతదే. బీఎస్-3 (పాత పొగ నిబంధనల నాటిది), పది టైర్లు, ఇన్‌లైన్ డీజిల్ పంపు, ఆరు లీటర్లకు కాస్త తక్కువ ఉండే ఆరు సిలిండర్ల టర్బో ఇంజన్, ఆరు గేర్ల బాక్సు. రాయ్‌పూర్ వైపు నుంచి విశాఖకి లోడు, తిరుగు ప్రయాణంలో ఏది దొరికితే అది. ఓనరు చెప్పిన కంప్లయింట్ రెండు ముక్కల్లో ఇది: ఘాట్ దిగేసరికి వెనక చక్రాల్లోంచి పొగ, కొత్త లైనర్లు (డ్రమ్ముకి లోపల రాసుకుని చక్రాన్ని పట్టే బ్రేకు పట్టీలు) వేసిన కొన్నాళ్లకే మళ్లీ లైనర్లు. నా దగ్గరికి వచ్చేలోపే ఆ బండికి లైనర్లు మార్చారు, వెనక డ్రమ్ములు మార్చారు, లైనర్‌కీ డ్రమ్ముకీ మధ్య సందు సరిచేసే స్లాక్ అడ్జస్టర్లు మార్చారు, ఒకచోట గాలి ఒత్తిడితో బ్రేకు రాడ్‌ని తోసే బ్రేక్ చాంబర్ల డయాఫ్రమ్‌లు కూడా మార్చారు. డబ్బు బాగానే పోయింది, పొగ మాత్రం పోలేదు.

సాలూరు సంగతి తెలియనివాళ్లకి ఒక్క మాట. పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న ఈ ఊరు లారీల మీద బతికే ఊరు. విశాఖ వైపు నుంచి కోరాపుట్‌కీ, అక్కడి నుంచి జగదల్‌పూర్, రాయ్‌పూర్ దారికీ చేర్చే 26వ నంబరు జాతీయ రహదారి, పాతవాళ్ల లెక్కలో 43, ఈ ఊరి మీదుగానే పోయి, ఊరు దాటాక కొండెక్కి సుంకి దగ్గర ఒడిశాలోకి వెళ్తుంది. కోరాపుట్ సముద్ర మట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తు, సాలూరు 120 లోపే. మధ్యలో ఎక్కుడు దిగుడు రెండూ ఉంటాయి గానీ, అటు నుంచి ఫుల్ లోడుతో వచ్చే బండి ఆ ఎత్తంతా ఎక్కడో ఒకచోట దిగాల్సిందే. అందుకే బ్రేకుల కేసులు ఇక్కడి షెడ్లలో కొత్తేమీ కాదు, వాటిలో ఎక్కువ భాగం చక్రాల దగ్గరే మొదలై చక్రాల దగ్గరే ముగుస్తాయి. ఇది అలా ముగిసేది కాదు.

చక్రాలు విప్పితే కనిపించింది

వెనక నాలుగు డ్రమ్ములూ విప్పించాను. లోపల నీలం రంగు మచ్చలు, అడ్డంగా సన్నటి వెంట్రుక పగుళ్లు. లైనర్ల ముఖం అద్దంలా మెరుస్తోంది, గోరుతో గీస్తే గీత పడటం లేదు. ఎడమ వైపు వెనక హబ్బులో గ్రీజు నూనెలా పల్చబడి సీలు దాటి షూ మీదకి కారింది. ముందు చక్రాల లైనర్లు మాత్రం బాగానే ఉన్నాయి.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఒక చక్రం కాలి మిగతావి చల్లగా ఉంటే ఆ చక్రంలోనే ఏదో ఉంది: రిటర్న్ స్ప్రింగు విరిగిందో, షూలని డ్రమ్ము మీదకి తెరిచే ఎస్-క్యామ్ బుష్ పట్టేసిందో, స్లాక్ అడ్జస్టర్ ఎక్కువ బిగించారో. ఒక యాక్సిల్ మొత్తం కాలితే ఆ యాక్సిల్‌కి గాలి వదిలే రిలే వాల్వు మీద అనుమానం పెట్టుకోవచ్చు. కానీ రెండు యాక్సిళ్లలో నాలుగు చక్రాలూ ఇంచుమించు ఒకే స్థాయిలో కాలాయంటే, బ్రేకులు వాటి పని అవి సరిగ్గానే చేస్తున్నాయి, వాటి మీద పడకూడని పని పడుతోంది అని అర్థం. ఆ పని చేయాల్సిన ఇంకొకటి ఎక్కడో పడుకుని ఉంది. అంతకుముందు చూసిన షెడ్లు తప్పు సామాన్లు వేశాయని నేను అనను, వేసినవన్నీ సరైనవే. అయితే ప్రతివాళ్లూ పొగ వచ్చేచోటే చూశారు.

క్యాబిన్ లేపి టర్బో నుంచి కిందకి పైపు పట్టుకుని చూసుకుంటూ వస్తే దొరికింది. ఎగ్జాస్ట్ బ్రేక్, అంటే సైలెన్సర్ పైపుని మూసి ఇంజన్ చేతే బండిని పట్టించే పలక, దాని లివరుని బైండింగ్ వైరుతో బ్రాకెట్‌కి గట్టిగా కట్టేశారు, లోపలి పలక ఎప్పుడూ తెరిచే ఉండేలా. దాని సిలిండర్‌కి వచ్చే గాలి పైపుని మడిచి, చివర ఒక బోల్టు దూర్చి, క్లిప్పు బిగించారు. పనివాడు ఎవరోగానీ నీట్‌గా చేశాడు, గాలి ఒక్క బుడగ కూడా లీకు కావడం లేదు.

ఎందుకు కట్టారో ఓనరుని అడిగితే మొదట గుర్తులేదన్నాడు, తర్వాత చెప్పాడు. ఏడాది పైమాటే, బండి లాగటం లేదని, ఎక్కుడులో నల్లపొగ వస్తోందని ఒకచోటికి తీసుకెళ్లాడట. మసి పట్టి పలక సగంలో ఇరుక్కుపోయింది. సైలెన్సర్ సగం మూసుకుపోయిన బండి లాగుతుందా? వాళ్లు పలకని తెరిచి వైరుతో కట్టేశారు, పికప్ వచ్చేసింది, అందరూ సంతోషించారు. లైనర్ల ఖర్చు మొదలైంది ఆ తర్వాతే. రెండింటికీ సంబంధం ఉందని ఓనరుకి ఎవరూ చెప్పలేదు.

అసలు ఆ పలక ఏం చేస్తుంది

పెట్రోలు కారు నడిపిన అలవాటుతో చాలామంది, యాక్సిలరేటర్ మీద కాలు తీస్తే ఇంజనే బండిని పట్టేస్తుంది అనుకుంటారు. పెట్రోలు ఇంజన్లో అది నిజం, ఎందుకంటే అక్కడ కాలు తీస్తే గాలి వెళ్లే దారి మూసుకుంటుంది, పిస్టన్లు ఖాళీని లాగుతూ కష్టపడతాయి. డీజిల్‌లో ఆ మూత లేదు. కాలు తీస్తే డీజిల్ ఆగుతుంది, గాలి మాత్రం నిండుగా వస్తూనే ఉంటుంది. పిస్టన్ ఆ గాలిని నొక్కుతుంది, అది బలంగా ఎదురు తిరుగుతుంది, బండికి కాస్త పట్టు దొరికినట్టే ఉంటుంది. అయితే మరుక్షణం అదే గాలి పిస్టన్‌ని కిందకి తోసి, తీసుకున్నదంతా తిరిగి ఇచ్చేస్తుంది. సైకిల్ పంపు మూతి వేలితో మూసి నొక్కి వదిలితే పిడి ఎలా వెనక్కి ఎగురుతుందో, అంతే. చివరికి మిగిలేది ఇంజన్ లోపలి రాపిడి, ఫ్యాను, కంప్రెసర్, పంపులు తినే శక్తి మాత్రమే. పాతిక టన్నుల బండికి అది ఏ మూలకీ చాలదు.

ఎగ్జాస్ట్ బ్రేక్ చేసే పని చాలా సూటిది. టర్బో దాటాక సైలెన్సర్ పైపులో సీతాకోకచిలుక రెక్కలా తిరిగే ఒక ఇనుప పలక. డ్రైవరు కింద బటన్ తొక్కితే ఎయిర్ ట్యాంకు నుంచి గాలి వెళ్లి ఒక చిన్న సిలిండర్ ఆ పలకని మూస్తుంది. ఈ బండిలో అదే గాలి ఇంకో సిలిండర్‌కి కూడా వెళ్లి పంపు మీద స్టాప్ లివరుని లాగుతుంది, అంటే డీజిల్ పూర్తిగా బంద్. ఇప్పుడు పైపు మూసి ఉంది, పిస్టన్లు పైకి వచ్చినప్పుడల్లా గాలిని ఆ మూసిన పైపులోకి నెట్టాలి. పైపులో మూడు బార్ల దాకా ఒత్తిడి లేస్తుంది, ప్రతి పిస్టనూ ప్రతి ఎగ్జాస్ట్ స్ట్రోకులో దానికి ఎదురు పని చేయాలి. ఆ పని చేయించేది వెనక చక్రాలు, వాటిని తిప్పేది కొండ వాలు. నొక్కిన గాలి వేడెక్కి పలక అంచుల సందుల్లోంచి బయటికి పోతుంది. ఘాట్ వేడి లైనర్లలోకి కాకుండా సైలెన్సర్ గొట్టంలోంచి ఆకాశంలోకి పోతుందన్నమాట.

పలకలో చిన్న బెజ్జం ఉంటుంది, లేదా అంచు చుట్టూ కొంచెం సందు వదులుతారు. అది అరుగుదల కాదు, కావాలని ఇచ్చిందే. "గాలి ఇంకా గట్టిగా పట్టాలి" అని ఆ బెజ్జాన్ని వెల్డింగుతో మూయించినవాళ్లని నేను చూశాను. పైపులో ఒత్తిడి మరీ పెరిగితే ఎగ్జాస్ట్ వాల్వు స్ప్రింగు దాన్ని ఆపలేదు, పక్క సిలిండర్ నుంచి వచ్చే ఒత్తిడికి వాల్వు తనంతట తాను లేచి మళ్లీ సీటు మీద దబ్బున పడుతుంది. కొన్నాళ్లు అలా పడితే వాల్వు తల విరిగి పిస్టన్ మీద ఉంటుంది. ఎగ్జాస్ట్ బ్రేక్ బలానికి హద్దు పెట్టేది ఆ స్ప్రింగే.

లెక్క వేసి చూపిస్తే గానీ నమ్మరు

ఓనరు ముందు కాగితం మీద వేసిన లెక్క ఇక్కడ కూడా పెడతాను. ఉజ్జాయింపు లెక్కే, నా ఇంజన్ అంకెలు బండి బండికీ మారతాయి.

బండి లోడుతో 25 టన్నులు అనుకుందాం. కాగితాల మీద అంతే, నేనూ అంతే అనుకుంటాను. 500 మీటర్ల ఎత్తు దిగితే వదిలించుకోవాల్సిన శక్తి దాదాపు 12 కోట్ల జౌళ్లు. అదే బండిని 60 కిలోమీటర్ల వేగం నుంచి పూర్తిగా ఆపితే వచ్చేది 35 లక్షల జౌళ్లు. అంటే ఒక్కసారి కొండ దిగటం, 60 నుంచి సున్నాకి ముప్పై అయిదు సార్లు ఆపటంతో సమానం, అదీ చక్రాలు మధ్యలో చల్లారే టైం ఇవ్వకుండా. దీన్ని నాలుగు డ్రమ్ముల మీద, ముందువి కలిపితే ఆరింటి మీద, వేస్తే ఏమవుతుందో ఆ నీలం మచ్చలే చెబుతున్నాయి. లైనర్ 250, 300 డిగ్రీలు దాటాక పట్టు తగ్గిపోతూ వస్తుంది. పైగా 410 మిల్లీమీటర్ల డ్రమ్ము 300 డిగ్రీలు వేడెక్కితే దాని వ్యాసం మిల్లీమీటరు పైగా పెరుగుతుంది, షూ అంత దూరం ఎక్కువ వెళ్లాలి, చాంబర్ పుష్‌రాడ్ దగ్గరికి వచ్చేసరికి ఆ దూరం కొన్ని రెట్లవుతుంది. పెడల్ తొక్కుతూనే ఉంటాడు, రాడ్ చివరికంటా వచ్చేస్తుంది, పట్టు ఉండదు. "బ్రేకు ఫెయిల్" అని పేపర్లో రాసే వాటిలో చాలా వరకు ఇదే. ఏ పైపూ తెగదు, ఏ సామానూ విరగదు, చల్లారాక చూస్తే బ్రేకు మళ్లీ మామూలుగానే పడుతుంది, అప్పుడు డ్రైవరు మాట ఎవరూ నమ్మరు.

ఇక గంటకి 20 కిలోమీటర్ల వేగంతో, వందకి ఆరు వాలులో ఈ బండిని వేగం పెరగకుండా పట్టాలంటే టైర్ల రాపిడి పోను దాదాపు 95 హెచ్‌పీ ఎవరో ఒకరు తినాలి. ఈ ఇంజన్ నాలుగో గేర్లో 20 వేగానికి సుమారు 1,200 ఆర్‌పీఎం తిరుగుతుంది. ఎగ్జాస్ట్ బ్రేక్ లేకుండా అది తినేది పది హెచ్‌పీ, ఉంటే ఇరవై, ఇరవై అయిదు. అదే మూడో గేర్లో అదే వేగానికి 1,900 తిరుగుతుంది, ఎగ్జాస్ట్ బ్రేకుతో కలిపి 55 హెచ్‌పీ దాకా తింటుంది. అంటే లైనర్ల వాటా 85 నుంచి 40కి పడిపోయింది, సగానికన్నా కిందకి.

ఇంకో మెట్టు కిందకి వెళ్లండి. రెండో గేరు, గంటకి 12. ఇంజన్ అప్పుడు కూడా 1,900 దగ్గరే తిరుగుతుంది కాబట్టి అప్పుడు కూడా 55 తింటుంది. కానీ బండి నెమ్మదిగా దిగుతోంది, ఎత్తు నెమ్మదిగా తగ్గుతోంది, కాబట్టి ఇప్పుడు కావాల్సింది కూడా 55, 60 మాత్రమే. లైనర్ల వాటా దాదాపు సున్నా! కొండ అడిగేది వేగాన్ని బట్టి, ఇంజన్ ఇచ్చేది ఆర్‌పీఎంని బట్టి. రెంటినీ విడదీసేది గేరు ఒక్కటే. నాకు తెలిసిన మంచి ఘాట్ డ్రైవర్లు ఈ లెక్క ఏమీ వేయకుండానే ఒంటికి పట్టించుకున్నది ఇదే.

బాగుచేసిన పని

అసెంబ్లీ దింపితే పలక తిరిగే స్పిండిలు మసితో రాయిలా బిగుసుకుపోయింది. డీజిల్లో నానబెట్టి, వేడి చేసి తీశాం గానీ బుష్‌లు ఓవల్ అయిపోయాయి, సిలిండర్ సీలు ఎండిపోయి గట్టిపడింది. రిపేరు చేసి వేయొచ్చు, ఓనరు అదే అడిగాడు. నేను ఒప్పుకోలేదు. మళ్లీ సగంలో ఇరుక్కుంటే మళ్లీ ఎవరో వైరు కడతారు. కొత్త అసెంబ్లీ, పలక సిలిండరు, కింద బటన్ వాల్వు మార్చాం. పంపు స్టాప్ సిలిండర్ బాగానే ఉంది, దాని లివరు ప్రయాణం సరిచేసి వదిలేశాం. జాయింట్లన్నిటికీ సబ్బు నీళ్లు కొట్టి చూశాం.

కొందరు ఇక్కడితో బండి ఇచ్చేస్తారు. నేను రెండు చూస్తాను. ఒకటి, ఐడ్లింగులో బటన్ తొక్కితే ఈ రకం ఇంజన్ రెండు మూడు క్షణాల్లో గింజుకుని ఆగిపోవాలి, ఆగకపోతే డీజిల్ పూర్తిగా బంద్ కావటం లేదు. మూసిన పైపులో మండుతున్న ఇంజన్ ఉంటే ఎగ్జాస్ట్ వేడి అంతా వాల్వుల మీద, టర్బో మీద పడుతుంది. రెండు, మ్యానిఫోల్డ్ మీద ప్లగ్గు తీసి గేజి పెట్టి, రోడ్డు మీద వాలులో ఒత్తిడి ఎంత లేస్తుందో చూడటం. గేజి లేనివాళ్లు చెవితో చెప్తారు, నేనూ చాలావరకు చెప్పగలను, అయినా గేజి పెడతాను. 1,900 దగ్గర మూడు బార్లకి దగ్గరగా చూపించింది. చాలు.

హబ్ సీలు, గ్రీజు, లైనర్లు, పగుళ్లు పట్టిన డ్రమ్ములు ఎలాగూ మార్చాల్సినవే, మార్చాం.

డ్రైవరు పక్కన కూర్చుని దిగితే

సగం కేసు రోడ్డు మీద మిగిలి ఉంది. లోడుతో బండి పై నుంచి వచ్చేటప్పుడు సుంకి దాకా వెళ్లి ఎక్కాను. డ్రైవరు పెద్దాయన, స్టీరింగు పట్టి నాకన్నా ఎక్కువ ఏళ్లయినవాడు. నాలుగో గేర్లో వాలులోకి దిగాడు, బటన్ తొక్కాడు, నా వైపు చూసి పెదవి విరిచాడు.

"చూసారా మేస్త్రీ, కొత్తది ఏసినా ఏటీ లేదు. ఉత్తి శబ్దమే."

ఆర్‌పీఎం ముల్లు 1,200 దగ్గర ఉంది. బండిని బ్రేకుతో బాగా తగ్గించి, వాలు తక్కువున్న చోట మూడులో వేయించాను. ముల్లు 1,900కి ఎక్కింది, ఇంజన్ గొంతు మారింది, బటన్ తొక్కగానే సీటు ముందుకి లాగినట్టయింది. ఎయిర్ మీటరు ముల్లు కదలటం మానేసింది. అంతవరకు ప్రతి మలుపుకీ అది కిందకీ పైకీ ఆడుతూనే ఉంది.

"పట్టింది గానీ, కాలు తీస్తే ఇంజను ఇంతలా అరుస్తాది, డీజిల్ తాగెయ్యదేటి?"

"అరుస్తోంది నిజమే బాబాయ్, చుక్క కూడా తాగట్లేదు. పంపు బంద్. తిప్పేది కొండ."

ఆయన భయానికి కారణం ఉంది. డీజిల్ మిగిలిస్తే ఓనరు నెలాఖరున కొంత చేతిలో పెడతాడు. ఆర్‌పీఎం ఎక్కువ ఉంటే డీజిల్ ఎక్కువ అని ఎక్కుడులో నేర్చుకున్న లెక్కని దిగుడుకీ వాడుతున్నాడు, అందుకే పై గేరు. తిన్నగా ఉన్న వాలుల్లో న్యూట్రల్‌లో కూడా వదిలేవాడినని నెమ్మదిగా ఒప్పుకున్నాడు. న్యూట్రల్‌లో ఇంజన్ ఐడ్లింగుకి డీజిల్ తాగుతుంది, గేర్లో ఉంటే ఆ మాత్రం కూడా తాగదు. కంప్రెసర్ నెమ్మదిగా తిరిగి ట్యాంకు నిండటం ఆలస్యమవుతుంది, లైనర్లేమో మొత్తం కొండని మోస్తాయి. వాలులో వేగం అందుకున్నాక మళ్లీ గేరు పడుతుందన్న గ్యారంటీ లేదు, అది ఆయనకీ తెలుసు. ఆ డీజిల్ బోనస్ సంగతి దిగాక ఓనరుతో మాట్లాడాను: మీరు ఇచ్చేదానికన్నా డ్రమ్ములకి పెట్టింది ఎక్కువ అని లెక్క చూపిస్తే ఆయనే ఘాట్ ఉన్న ట్రిప్పులకి లెక్క మార్చాడు.

ఇంకో భయం ఆయనకి ఉంది, అదీ నిజమైనదే. ఎగ్జాస్ట్ బ్రేక్ పట్టి ఉండగా క్లచ్ తొక్కితే ఇంజన్ ఆగిపోతుంది, ఎందుకంటే డీజిల్ లేదు, చక్రాలు కూడా తిప్పటం లేదు. ఇంజన్ ఆగితే పవర్ స్టీరింగ్ పోతుంది, మలుపులో పాతిక టన్నుల బండికి చేతులతో స్టీరింగ్ తిప్పాలి. ఎప్పుడో ఒకసారి అలా జరిగిందట, అప్పటి నుంచి ఆ బటన్ అంటేనే టెన్షన్. దీనికి మందు అలవాటే: ముందు బటన్ మీద కాలు తియ్యి, తర్వాత క్లచ్ తొక్కు. ఇంకా మంచిది, దిగుడు మొదలవకముందే గేరు తేల్చుకుని మధ్యలో క్లచ్ జోలికి పోకపోవటం.

"ఏ గేర్లో ఎక్కితే ఆ గేర్లో దిగాలి" అని మా వైపు పాత మాట ఒకటుంది. పాత తక్కువ హెచ్‌పీ బండ్లకి అది బాగా కుదిరేది. ఇప్పటి బండ్లు అదే ఘాట్‌ని రెండు గేర్లు పైన ఎక్కేస్తున్నాయి, ఆ మాట పట్టుకుని దిగితే కాలటం ఖాయం. నేనైతే ఎక్కిన గేరు కన్నా ఒకటి తక్కువ అంటాను, లోడు బరువైతే రెండు.

మిగతా పట్టు కోసం బ్రేకు ఎలా తొక్కాలో కూడా అక్కడే చూశాం. కాలు పెడల్ మీద ఆనించి ఉంచితే లైనర్ ఎప్పుడూ రాసుకుంటూ చల్లారటం ఉండదు. ఊరికే టపటపా కొడితే గాలి అయిపోతుంది. అనుకున్న వేగం దాటబోతోంది అనగానే గట్టిగా తొక్కి, ఏడెనిమిది కిలోమీటర్లు తగ్గించి, పూర్తిగా వదిలెయ్యాలి. మళ్లీ పెరిగాక మళ్లీ. కింద దాబా దగ్గర ఆపి హబ్బుల మీద చెయ్యి పెట్టి చూశాడు, వేడిగా ఉన్నాయి గానీ చెయ్యి ఆనింది. ఆయన ఏమీ అనలేదు, క్లీనర్ కుర్రాడిని పిలిచి నువ్వూ చెయ్యి పెట్టి చూడరా అన్నాడు.

ఇంతకన్నా బలమైనది

ఎగ్జాస్ట్ బ్రేక్ తీసుకునేది ఎగ్జాస్ట్ స్ట్రోకు నుంచే. నొక్కిన గాలి తిరిగి ఇచ్చేస్తోంది అన్నాం కదా, ఆ తిరిగి ఇచ్చేదాన్ని ఆపగలిగితే? పిస్టన్ పైకంటా వచ్చేముందు ఎగ్జాస్ట్ వాల్వుని కొంచెం తెరిచేస్తే నలభై బార్లకి నొక్కిన గాలి ఒక్కసారిగా బయటికి పోతుంది, పిస్టన్‌ని కిందకి తోయటానికి ఏమీ మిగలదు. కష్టపెట్టి నొక్కించుకున్న శక్తి అంతా పోయినట్టే. దీన్నే కంప్రెషన్ రిలీజ్ బ్రేక్ అంటారు, అమెరికా డ్రైవర్ల నోట జేక్ బ్రేక్. ఇంజన్ ఆయిలుని ఒక సోలినాయిడ్ వదిలితే ఆ ఒత్తిడితో చిన్న పిస్టన్లు వాల్వుని సరిగ్గా ఆ క్షణానికి నొక్కుతాయి. 13 లీటర్ల ఇంజన్ మీద ఇది 400 హెచ్‌పీ పైన తింటుంది, ఇంజన్ లాగే శక్తికి దగ్గరగా.

దీని వెనక కథ కూడా ఘాట్ కథే. కమిన్స్ కంపెనీ పెట్టిన క్లెస్సీ కమిన్స్ 1931లో డీజిల్ ట్రక్కు మీద అమెరికా అడ్డంగా దాటుతూ కాలిఫోర్నియాలో కాహోన్ కనుమ దిగుతుంటే బ్రేకులు చాలక, కింద రైలు దాటుతుంటే త్రుటిలో బయటపడ్డాడు. ఇంజన్ బాగా లాగుతోంది గానీ పట్టటం లేదన్న ఆలోచన ఆయన్ని వదల్లేదు, రిటైరయ్యాక కూర్చుని ఇది కనిపెట్టాడు. జేకబ్స్ కంపెనీ 1961లో తయారు చేసి అమ్మటం మొదలుపెట్టింది, జేక్ అన్న పేరు అక్కడిదే. ఆ పటపటమనే శబ్దం భరించలేక అక్కడ చాలా ఊళ్ల మొదట్లో ఇంజన్ బ్రేక్ వాడొద్దని బోర్డులు ఉంటాయి. మన ఘాట్లలో ఆ బోర్డు ఎవరైనా పెడతామంటే నేను అడ్డం పడతాను.

రిటార్డర్ వేరే వస్తువు, గేర్‌బాక్సు వెనక ఆయిలుతోనో అయస్కాంతంతోనో పట్టేది. పెద్ద బస్సుల్లో చూస్తాం, లారీల్లో మా దగ్గరికి వచ్చేవి తక్కువ.

ఏది వాడినా రెండు హద్దులు గుర్తుంచుకోవాలి. ఇంజన్ బ్రేక్ పట్టేది తిప్పే చక్రాలని మాత్రమే, కాబట్టి ఖాళీ బండి, వాన, బురద ఉన్నప్పుడు మలుపులో ఒక్కసారిగా వేస్తే వెనక భాగం పక్కకి జారొచ్చు. రెండోది, ఆర్‌పీఎం మీటరు మీద ఎర్ర గీత. మామూలుగా డీజిల్ పంపులోని గవర్నరు ఆర్‌పీఎంని అదుపులో పెడుతుంది, కానీ అది చేసేది డీజిల్ తగ్గించటం మాత్రమే. దిగుడులో డీజిలే లేదు, తిప్పేది చక్రాలు, గవర్నరు చేతులు కట్టుకుని చూస్తుంది. మరీ కింది గేర్లో వేగం పెరగనిస్తే వాల్వులు పిస్టన్లకి తగులుతాయి. ముల్లు ఎర్రదానికి దగ్గరైతే బ్రేకు తొక్కి తగ్గించాల్సిందే, ఇంజన్ బ్రేకుని నమ్ముకుని కూర్చోకూడదు.

తర్వాత

తర్వాతి గ్రీజింగుకి వచ్చినప్పుడు వెనక చక్రాలు విప్పాం. లైనర్లు మందంగా ఉన్నాయి, ముఖం మాసిన బూడిద రంగులో ఉంది, మెరుపు లేదు. డ్రమ్ములో నీలం లేదు. ఎడమ వెనక హబ్బు సీలు మాత్రం కాస్త తడిగా కనిపిస్తే మళ్లీ మార్చాను, పాత వేడికి స్పిండిల్ మీద సీలు కూర్చునే చోట గీత పడి ఉంది, దాని సంగతి ఇంకా తేల్చాలి. పలకకి ఒక్క పని అదనంగా చెప్పాను: ఘాట్ లేని ట్రిప్పుల్లో కూడా రోజుకి ఒకటి రెండుసార్లు బటన్ తొక్కమని. వాడకపోతేనే మసి పట్టి బిగుసుకుంటుంది.

అదే ఓనరు ఈమధ్య బీఎస్-6 బండి ఒకటి తీసుకున్నాడు, దానికీ లాగటం లేదన్న కంప్లయింట్ వస్తే ఆ పలక కట్టేయమంటారా అని ఫోను చేశాడు. వద్దన్నాను. 2020 నుంచి వచ్చిన చాలా బండ్లలో ఆ పలక ఈసీయూ (ఇంజన్ కంప్యూటరు) చేతిలో ఉంటుంది, బ్రేకు కోసమే కాదు, సైలెన్సర్‌లోని ఫిల్టరుని వేడెక్కించటానికి కూడా దాన్నే కొంచెం మూస్తుంది. అది ఎక్కడ ఉండాలో సెన్సర్ చూస్తూ ఉంటుంది. వైరు కడితే డాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, తర్వాత ఇంజన్ పవర్ తగ్గించేస్తుంది. బండి తీసుకురమ్మన్నాను, ముందు కోడ్ చదివి చూడాలి.